లూపస్ యాంటీబాడీ పరీక్షలు: ఎలా చేయించుకోవాలి, రిపోర్టును ఎలా చదవాలి

ఏఎన్‌ఏ, అంటే మన కణాల కేంద్రకం మీద పనిచేసే యాంటీబాడీలను వెతికే రక్తపరీక్ష, పాజిటివ్ అన్న మాట రిపోర్టులో కనపడగానే చాలామందికి గుండె జారిపోతుంది. ఆ రాత్రంతా ఫోనులో వెతికి, కిడ్నీలు దెబ్బతినడం గురించి చదివి, తెల్లవారేసరికి తమకు లూపస్, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడిచేసే జబ్బు, ఖాయమన్న నిర్ణయానికి వచ్చేస్తారు. మరికొందరిది దీనికి తిరగబడిన కథ. ఏళ్ల తరబడి కీళ్లనొప్పులు, అంతుపట్టని జ్వరం, విపరీతంగా జుట్టు రాలడం ఉన్నా, ఆ లక్షణాలన్నిటినీ ఒక్కచోట చేర్చి చూసేవారు లేక సరైన పరీక్ష దాకా వెళ్లనే వెళ్లరు. ఈ రెండు బాధలకూ మూలం ఒకటే: ఏ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో తెలియకపోవడం. లూపస్ ఉందేమోనన్న అనుమానంతో పరీక్షలకు వెళ్తున్నవారికీ, ఇప్పటికే లూపస్‌కు మందులు వాడుతూ మూడు నెలలకోసారి రక్తం ఇస్తున్నవారికీ, వారి వెంట ఉండే ఇంటివారికీ ఈ వ్యాసం ఉపయోగపడాలని కోరుకుంటున్నాను. వైద్యుడి నిర్ణయానికి ఇది బదులు కాదు. ఆ వైద్యుడి ఎదుట కూర్చున్నప్పుడు ఏం అడగాలో, చెప్పింది ఎలా అర్థం చేసుకోవాలో తెలియజేయడమే దీని పని.

ముందుగా ఒక్క విషయం స్పష్టంగా ఉండాలి. లూపస్‌లో మన రోగనిరోధక వ్యవస్థ బయటి క్రిముల మీద కాకుండా మన కణాల్లోని కేంద్రకం మీద, అందులోని డీఎన్‌ఏ మీద, దాన్ని అంటిపెట్టుకుని ఉండే ప్రొటీన్ల మీద యాంటీబాడీలను తయారుచేస్తుంది. ఆ యాంటీబాడీలు తమ లక్ష్యాలతో కలిసి ముద్దలుగా కట్టి, కిడ్నీల వడపోత గొట్టాల దగ్గర, చర్మంలో, కీళ్లలో పేరుకుని వాపు రగిలిస్తాయి. ఈ క్రమంలో కాంప్లిమెంట్ అనే రక్తంలోని ప్రొటీన్లు ఖర్చైపోతాయి. మీ చేతికి వచ్చే రిపోర్టుల్లో ఒక భాగం యాంటీబాడీలను కొలుస్తుంది, ఒక భాగం కాంప్లిమెంట్ ఖర్చును కొలుస్తుంది, ఇంకో భాగం అవయవాలకు దెబ్బ తగిలిందా లేదా అన్నది చూస్తుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

మొదటి మెట్టు: రక్తం ఇవ్వడానికి ముందే లక్షణాలు రాసుకోండి

పరీక్ష విలువ సూది గుచ్చకముందే సగం నిర్ణయమైపోతుంది. 1997లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల రక్తాన్ని పరీక్షిస్తే, 1:40 పలచన వద్ద, అంటే నమూనాను నలభై రెట్లు పలచన చేసి చూసినప్పుడు, దాదాపు 32 శాతం మందికి, 1:80 వద్ద 13 శాతం మందికి, 1:160 వద్ద 5 శాతం మందికి, 1:320 వద్ద కూడా 3 శాతం మందికి ఏఎన్‌ఏ పాజిటివ్ వచ్చింది. ఇప్పుడు ఒక లెక్క వేసుకుందాం. ఏ లక్షణాలూ చూడకుండా వెయ్యిమందికి ఈ పరీక్ష చేశామనీ, వారిలో ఒక్కరికే నిజంగా లూపస్ ఉందనీ అనుకోండి. 1:80 వద్ద పాజిటివ్ వచ్చేవారు నూట ముప్ఫైమంది ఉంటారు, అందులో జబ్బు ఉన్నది ఒక్కరికే. అదే పరీక్షను చెంపల మీద దద్దు, కీళ్లవాపు, మూత్రంలో ప్రొటీన్ ఉన్న మనిషికి చేస్తే ఆ పాజిటివ్‌కు ఉండే బరువే వేరు. అందుకే ఏవో చెకప్ ప్యాకేజీల్లో భాగంగా, ఏ కారణమూ లేకుండా ఏఎన్‌ఏ చేయించుకోవద్దని గట్టిగా చెబుతాను.

కాబట్టి ఒక కాగితం మీద, తేదీలతో సహా రాసుకోండి. ముక్కు మీదుగా రెండు చెంపలకూ పాకే ఎర్రటి దద్దు ఎప్పుడైనా వచ్చిందా, ఎండలోకి వెళ్లాక చర్మం ఎర్రబడటమో నీరసించిపోవడమో జరుగుతోందా, నోట్లో ముఖ్యంగా అంగిలి మీద నొప్పి లేని పుండ్లు కనిపించాయా, పొద్దున్నే వేళ్ల కీళ్లు బిగుసుకుపోయి అరగంట దాటినా సడలడం లేదా, చలికి వేళ్లు తెల్లగా, ఆ తరవాత నీలంగా మారుతున్నాయా, గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడుస్తోందా, మూత్రం నురగగా వెళ్తోందా, కాళ్లు వాస్తున్నాయా, కారణం తెలియని గర్భస్రావాలు జరిగాయా, కాలి సిరల్లో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా అన్నవి అందులో ఉండాలి. దద్దు వచ్చిన రోజునే వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే అపాయింట్‌మెంట్ దొరికేసరికి అది మాయమైపోవచ్చు. తల్లి, అక్కచెల్లెళ్లు, దగ్గరి బంధువుల్లో ఎవరికైనా లూపస్, థైరాయిడ్ వాపు, కీళ్లవాతం వంటివి ఉంటే అది కూడా రాయండి. లూపస్ రోగుల్లో పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలే అయినా, పురుషులకూ పిల్లలకూ రాదని కాదు.

రెండో మెట్టు: పరీక్షకు సిద్ధం కావడం

యాంటీబాడీ పరీక్షలకు పరగడుపున వెళ్లాల్సిన పని లేదు. షుగర్, కొలెస్ట్రాల్ వంటివి కూడా అదే నమూనాతో రాసి ఉంటే మాత్రం ఆ సూచన వేరుగా పాటించాలి. మీరు వాడుతున్న మందులన్నిటి పేర్లూ ల్యాబ్‌కు, వైద్యుడికి చెప్పడం అంతకన్నా ముఖ్యం. హైడ్రలజీన్, ప్రొకైనమైడ్, ఐసోనియజిడ్, మినోసైక్లిన్ వంటి మందులు కొందరిలో లూపస్‌ను పోలిన జబ్బును, దాంతోపాటు హిస్టోన్లనే, అంటే డీఎన్‌ఏను అంటిపెట్టుకుని ఉండే ప్రొటీన్ల మీద పనిచేసే, యాంటీ హిస్టోన్ యాంటీబాడీలను పుట్టిస్తాయి. వాపును రగిలించే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే కీళ్లవాతపు ఇంజెక్షన్లు వాడేవారిలో ఏఎన్‌ఏ, డీఎస్‌డీఎన్‌ఏ (రెండు పోగుల డీఎన్‌ఏ మీద పనిచేసే) యాంటీబాడీలు కొత్తగా కనబడటం తెలిసిన సంగతే. జుట్టు కోసం, గోళ్ల కోసం ఎక్కువ మోతాదు బయోటిన్ మాత్రలు వేసుకునేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. బయోటిన్‌ను ఆధారంగా చేసుకుని పనిచేసే కొన్ని యంత్రాల్లో అది ఫలితాన్నే తారుమారు చేస్తుంది. ఎన్ని రోజుల ముందు ఆపాలో ల్యాబ్‌ను అడిగి తెలుసుకోండి.

రక్తం పలచబడే మందులు వాడుతుంటే లూపస్ యాంటీకోయాగులెంట్ అనే పరీక్ష ఫలితం నమ్మదగ్గది కాకపోవచ్చు. అలాగని ఆ మందును సొంతంగా ఒక్కపూట కూడా ఆపకూడదు. ఆ పరీక్ష ఎప్పుడు చేయాలన్నది మందు రాసిన వైద్యుడే నిర్ణయించాలి.

మూత్ర పరీక్షకు పొద్దున్నే వెళ్లే మొదటి మూత్రంలో, మొదటి ధారను వదిలేసి మధ్య ధారను పట్టడం మేలు. నెలసరి రోజుల్లో ఇచ్చిన నమూనాలో రక్తకణాలు కనబడి అనవసరమైన కంగారు పుడుతుంది. ఆ రోజులు తప్పించండి, తప్పించలేకపోతే ముందే చెప్పండి.

మూడో మెట్టు: ఏఎన్‌ఏ రిపోర్టులో మూడు విషయాలు వెతకండి

చీకటి గదిలో ఫ్లోరసెంట్ సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న సాంకేతిక నిపుణురాలిని ఊహించుకోండి. ఆమె ముందున్న గాజు పలక మీద హెప్-2 అనే మానవ కణాలు పలచటి పొరలా పరిచి ఉన్నాయి. మీ రక్తపు సీరంను, అంటే కణాలు తీసేశాక మిగిలే ద్రవాన్ని, పలచన చేసి దాని మీద వేసి, కడిగి, ఆ తరవాత మెరిసే రంగు తగిలించిన మరో యాంటీబాడీని వేశారు. మీ రక్తంలో కేంద్రకాన్ని పట్టుకునే యాంటీబాడీలు ఉంటే, నల్లటి నేపథ్యం మీద ఒక్కో కేంద్రకం ఆకుపచ్చటి చుక్కలా వెలుగుతుంది. లేకపోతే చీకటే కనబడుతుంది. ఇమ్యునోఫ్లోరసెన్స్ అనే ఈ పద్ధతిలో తేలిందే మీ రిపోర్టు.

ఇప్పుడు రిపోర్టులో మొదట చూడాల్సింది పద్ధతి. ఇమ్యునోఫ్లోరసెన్స్ అనో ఐఎఫ్‌ఏ అనో రాసి ఉందా, లేక ఎలైజా వంటి యంత్ర పద్ధతిలో ఒక అంకె మాత్రమే ఇచ్చారా అన్నది గమనించండి. యంత్ర పద్ధతులు ముందే ఎంచుకున్న కొన్ని లక్ష్యాలనే వెతుకుతాయి కాబట్టి, అనుమానం బలంగా ఉన్నప్పుడు వాటిలో వచ్చిన నెగెటివ్‌తో ఆగిపోకుండా హెప్-2 కణాల మీద చేసే పరీక్ష అడగడం న్యాయం.

రెండోది టైటర్. 1:80 అంటే సీరంను ఎనభై రెట్లు పలచన చేసినా వెలుగు కనబడిందని అర్థం. 1:160, 1:320, 1:640 అంటూ పలచన రెట్టింపవుతూ పోతుంది కాబట్టి, కింది అంకె పెద్దదయ్యే కొద్దీ యాంటీబాడీలు ఎక్కువున్నట్టు. 1:640 చిన్న భిన్నం కదా అని నిశ్చింతగా ఉండేవారిని, 1:40 చూసి వణికిపోయేవారిని కూడా చూశాను. ఇద్దరూ లెక్కను తలకిందులుగా చదివారు. అలాగని టైటర్ ఎంత ఎక్కువైతే జబ్బు అంత తీవ్రమని కూడా కాదు. అది అనుమానాన్ని పెంచుతుందే గాని తీవ్రతను కొలవదు.

మూడోది ప్యాటర్న్. కేంద్రకమంతా ఒకే తీరుగా వెలిగితే హోమోజీనియస్ అంటారు. డీఎన్‌ఏ, హిస్టోన్ల మీద యాంటీబాడీలు ఉన్నప్పుడు ఇది తరచుగా వస్తుంది. ఇసుక చల్లినట్టు చుక్కలుగా ఉంటే స్పెకిల్డ్ అంటారు. ఎస్‌ఎం, ఆర్‌ఎన్‌పీ, రో, లా అనే యాంటీబాడీలతో ఇది కనబడుతుంది. సెంట్రోమియర్ ప్యాటర్న్ చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా వైపు వేలు చూపిస్తుంది. డెన్స్ ఫైన్ స్పెకిల్డ్ అనే మరో రకం, దానితో పాటు వేరే యాంటీబాడీలేవీ లేనప్పుడు, ఆరోగ్యవంతుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ప్యాటర్న్ ఒక సూచన మాత్రమే, తీర్పు కాదు. ఒకే పలకను ఇద్దరు నిపుణులు చూస్తే ఒకరు 1:160 అని, ఇంకొకరు 1:320 అని రాయడం కూడా ఈ పరీక్షలో సహజం.

నెగెటివ్ వస్తే? 1:80 వద్ద కూడా నెగెటివ్ అయితే లూపస్ ఉండే అవకాశం చాలా తక్కువ, ఎందుకంటే లూపస్ ఉన్నవారిలో నూటికి తొంభై ఏడు, తొంభై ఎనిమిది మందికి ఆ స్థాయిలో పాజిటివ్ వస్తుంది. నిజం చెప్పాలంటే ఏఎన్‌ఏకు ఉన్న అసలు బలం ఇదే. లూపస్ ఉందని చెప్పడం కన్నా లేదని చెప్పడంలోనే అది నమ్మకస్తురాలు. అయినా అరుదుగా, రో యాంటీబాడీ ఉండి కూడా ఏఎన్‌ఏ నెగెటివ్‌గా వచ్చేవారు ఉంటారు. ఎండ పొడకు వచ్చే దద్దులు, కళ్లూ నోరూ ఎండిపోవడం వంటివి ఉంటే ఆ పరీక్ష విడిగా చేయించమని అడగవచ్చు.

నాలుగో మెట్టు: పాజిటివ్ వచ్చాక ఏ పరీక్షలు, ఎందుకు

లక్షణాలూ ఉండి, ఏఎన్‌ఏ కూడా పాజిటివ్ అయితేనే తరవాతి పరీక్షలకు అర్థం ఉంటుంది. ఈ దశలో రుమటాలజిస్టును, అంటే కీళ్లవాత నిపుణుణ్ని, కలవడం మంచిది.

డీఎస్‌డీఎన్‌ఏ యాంటీబాడీ లూపస్‌కు బాగా ప్రత్యేకమైనది. దాదాపు మూడింట రెండు వంతుల మంది రోగుల్లో ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తుంది. దీన్ని కొలిచే పద్ధతులు ఒకటి కాదు. ఎలైజా పద్ధతి చిన్న మొత్తాలను కూడా పట్టుకుంటుంది గాని అప్పుడప్పుడు లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. క్రితిడియా అనే ఏకకణ జీవి మీద చేసే ఇమ్యునోఫ్లోరసెన్స్ కొందరిని వదిలేస్తుంది గాని, పాజిటివ్ అంటే దాదాపు నమ్మవచ్చు. అంచున వచ్చిన ఎలైజా ఫలితాన్ని క్రితిడియా పద్ధతితో సరిచూడమని అడగడంలో తప్పు లేదు.

ఎస్‌ఎం యాంటీబాడీ ఇంకా ప్రత్యేకమైనది. లూపస్ లేనివారిలో ఇది కనిపించడం చాలా అరుదు, కానీ లూపస్ ఉన్నవారిలో కూడా ఇరవై, ముప్ఫై శాతం మందికే ఉంటుంది. అంటే అది ఉంటే నిర్ధారణకు పెద్ద బలం, లేకపోతే ఏమీ తేలనట్టే. 1966లో దీన్ని మొదట వర్ణించినప్పుడు, ఎవరి రక్తంలో దొరికిందో ఆ రోగి ఇంటిపేరులోని మొదటి రెండు అక్షరాలనే దానికి పేరుగా పెట్టారు. రో, లా అన్న పేర్లు కూడా అలా రోగుల పేర్ల నుంచి వచ్చినవే. అర్థం కాని పొడి అక్షరాలుగా కనిపించే ఈ రిపోర్టు వెనక, తమ రక్తాన్ని ఇచ్చిన మనుషులు ఉన్నారని గుర్తొచ్చినప్పుడల్లా నాకు వాటి మీద గౌరవం కలుగుతుంది.

చాలా ల్యాబ్‌లు ఇప్పుడు పది, పదిహేను యాంటీబాడీలను ఒకే పట్టీ మీద చూసే ఏఎన్‌ఏ ప్రొఫైల్ చేస్తున్నాయి. ఫలితం ఒక ప్లస్, రెండు ప్లస్‌లు, మూడు ప్లస్‌ల రూపంలో ఉంటుంది. ఇందులో ఒక్క ప్లస్‌తో వచ్చిన బలహీనమైన గీతకు లక్షణాల తోడు లేకపోతే పెద్ద విలువ ఇవ్వనక్కర్లేదు. పట్టీ మీద డీఎస్‌డీఎన్‌ఏ పాజిటివ్ వస్తే దాన్ని అంకెల్లో కొలిచే విడి పరీక్షతో నిర్ధారించుకోవాలి. రో యాంటీబాడీని కొన్ని రిపోర్టుల్లో రో-52, రో-60 అని విడదీసి ఇస్తారు. రో-52 ఒక్కటే ఉండటం లూపస్‌తో సంబంధం లేని కండరాల, కాలేయపు, ఊపిరితిత్తుల జబ్బుల్లో కూడా కనిపిస్తుంది.

ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు మూడు: లూపస్ యాంటీకోయాగులెంట్, కార్డియోలిపిన్ యాంటీబాడీలు, బీటా-2 గ్లైకోప్రొటీన్ యాంటీబాడీలు. మొదటిదాని పేరు రెండు విధాలా తప్పుదారి పట్టిస్తుంది. లూపస్ లేనివారిలో కూడా అది ఉంటుంది. పరీక్షనాళికలో రక్తం గడ్డకట్టడాన్ని అది ఆలస్యం చేస్తుంది గాని, శరీరంలో మాత్రం గడ్డలు కట్టడానికే కారణమవుతుంది. ఏదైనా ఇన్ఫెక్షన్ తరవాత ఇవి తాత్కాలికంగా పాజిటివ్ కావచ్చు కాబట్టి, కనీసం పన్నెండు వారాల తరవాత మళ్లీ చేసి, రెండోసారీ పాజిటివ్ అయితేనే లెక్కలోకి తీసుకుంటారు. మొదటి రిపోర్టు తేదీ పక్కన పన్నెండు వారాల తరవాతి తేదీని అప్పుడే రాసి పెట్టుకోండి, చాలామంది మరిచిపోయేది ఇదే. సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్‌ఎల్ పరీక్ష లూపస్ ఉన్నవారిలో తప్పుగా పాజిటివ్ రావడం కూడా ఇదే కుటుంబపు యాంటీబాడీల వల్లనే. పెళ్లికి ముందో, గర్భంలోనో చేసిన ఆ పరీక్ష చూసి ఇంట్లో అనుమానాలు చెలరేగక ముందే, నిర్ధారణకు చేసే ట్రెపోనీమా పరీక్ష చేయించాలి.

వీటితో పాటు సీ3, సీ4 కాంప్లిమెంట్లు, పూర్తి రక్తకణాల లెక్క, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, కణాలు చూసే పరీక్షలు తప్పనిసరి. హిమోగ్లోబిన్ తగ్గి ఉంటే ఎర్రకణాలు యాంటీబాడీల వల్ల పగిలిపోతున్నాయేమో చూడటానికి డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష రాస్తారు.

ఐదో మెట్టు: అన్నిటినీ కలిపి చూడటం వైద్యుడి పని, సహకరించడం మీ పని

2019లో యూరప్, అమెరికా రుమటాలజీ సంఘాలు కలిసి విడుదల చేసిన ప్రమాణాల్లో ఏఎన్‌ఏ 1:80 లేదా అంతకు మించి ఉండటం గుమ్మం లాంటిది. అది దాటాకే మిగతావాటికి పాయింట్లు లెక్కపెడతారు. డీఎస్‌డీఎన్‌ఏ లేదా ఎస్‌ఎం యాంటీబాడీకి 6, సీ3, సీ4 రెండూ తగ్గితే 4, ఒక్కటే తగ్గితే 3, ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలకు 2, రోజుకు అర గ్రాముకు మించి మూత్రంలో ప్రొటీన్ పోతే 4 చొప్పున కలుపుతూ, కనీసం ఒక్క శరీర లక్షణమైనా ఉండి మొత్తం 10 చేరితే లూపస్‌గా వర్గీకరిస్తారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ లెక్కను తయారుచేసింది పరిశోధనల్లో ఒకే తీరు రోగులను ఎంచుకోవడానికి. ఇంట్లో కూర్చుని పాయింట్లు కూడుకుని మీకు మీరే లూపస్ అని ముద్ర వేసుకోవడానికి కాదు. వేరే జబ్బుతో ఇంకా బాగా వివరించగలిగిన లక్షణానికి ఇందులో పాయింట్ ఇవ్వకూడదు. ఆ విచక్షణే వైద్యుడి అనుభవం. పాయింట్లు పదికి చేరకపోయినా లక్షణాలను బట్టి చికిత్స మొదలుపెట్టాల్సినవారు ఉంటారు.

యాంటీబాడీలు ఉండి లక్షణాలు ఇంకా లేనివారి సంగతేమిటి? 2003లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, అమెరికా సైనిక విభాగం భద్రపరచిన పాత రక్త నమూనాలను తవ్వి తీసి, తరవాతి కాలంలో లూపస్ వచ్చిన 130 మందిని పరిశీలించారు. వారిలో 88 శాతం మందికి జబ్బు నిర్ధారణ కావడానికి ముందే, కొందరికి తొమ్మిదేళ్ల ముందే, ఏదో ఒక యాంటీబాడీ ఉంది. ఏఎన్‌ఏ, రో వంటివి ముందుగా, డీఎస్‌డీఎన్‌ఏ ఆ తరవాత, ఎస్‌ఎం జబ్బుకు దగ్గర్లో కనిపించాయి. అయితే ఇది జబ్బు వచ్చినవారిని వెనక్కి చూసిన లెక్క. ఏఎన్‌ఏ ఉన్న ప్రతివారికీ జబ్బు వస్తుందని దీనికి అర్థం కాదు, అత్యధికులకు రాదు. అందుకే లక్షణాల్లేని పాజిటివ్‌కు మందు కాదు, గమనింపు కావాలి. ప్రతి నెలా రక్తం ఇవ్వడం కాకుండా, కొత్త లక్షణం వచ్చినప్పుడు వెంటనే చూపించుకోవడం, అప్పుడప్పుడు బీపీ, మూత్రం చూసుకోవడం సరిపోతుంది.

ఆరో మెట్టు: నిర్ధారణ తరవాత ఏవి మళ్లీ మళ్లీ, ఏవి అక్కర్లేదు

ఇక్కడే డబ్బు, రక్తం, మనశ్శాంతి ఎక్కువగా వృథా అవుతాయి. ఏఎన్‌ఏ ఒకసారి స్పష్టంగా పాజిటివ్ వచ్చాక దాన్ని మళ్లీ చేయనక్కర్లేదు. టైటర్ 1:640 నుంచి 1:320కి తగ్గితే జబ్బు తగ్గిందనీ, పెరిగితే ముదిరిందనీ చెప్పలేం. ఎస్‌ఎం, ఆర్‌ఎన్‌పీ, రో, లా కూడా చాలావరకు అంతే, ఒకసారి తెలుసుకుంటే చాలు. గర్భానికి ముందు రో, లా, ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలను మరోసారి చూసుకోవడం మాత్రం సమంజసం.

మళ్లీ మళ్లీ చూడాల్సినవి డీఎస్‌డీఎన్‌ఏ, సీ3, సీ4, రక్తకణాల లెక్క, క్రియాటినిన్, అన్నిటికన్నా ముఖ్యంగా మూత్రం. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు ఒకటి నుంచి మూడు నెలలకోసారి, నెమ్మదించాక మూడు నుంచి ఆరు నెలలకోసారి చూడటం వాడుక. వారం వారం డీఎస్‌డీఎన్‌ఏ చేయించడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే రక్తంలోని ఐజీజీ రకం యాంటీబాడీలు సగానికి తగ్గడానికే దాదాపు మూడు వారాలు పడుతుంది.

ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో చేయించండి. మా చెల్లెలి రిపోర్టులో ఒకసారి సీ3 విలువ 78 అని వచ్చింది. మూడు నెలల తరవాత మరో ల్యాబ్‌లో చేయిస్తే 0.81 అని ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. మర్నాడు వైద్యురాలు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, పెన్నుతో కొలమానాల కింద గీత గీసి చూపించారు. మొదటిది డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో, రెండోది లీటరుకు గ్రాముల్లో. అంటే 0.81 అన్నది 81తో సమానం. పడిపోలేదు సరికదా, కాస్త పెరిగింది. ఆ రోజు నుంచి మేము ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. తేదీ, ల్యాబ్, డీఎస్‌డీఎన్‌ఏ, సీ3, సీ4, హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, బీపీ, ఆ రోజుకు వాడుతున్న స్టెరాయిడ్ మోతాదు, ఒంట్లో ఎలా ఉందో ఒక్క వాక్యం, అన్నీ ఒకే వరుసలో. మీరూ అలాగే రాయండి, అంకె పక్కన కొలమానం, ల్యాబ్ ఇచ్చిన సాధారణ పరిధి రాయడం మరవద్దు.

ఆ వరుసలను చదివేటప్పుడు విడి అంకె కన్నా దాని నడక ముఖ్యం. డీఎస్‌డీఎన్‌ఏ పెరుగుతూ, సీ3, సీ4 తగ్గుతూ పోతుంటే జబ్బు, ముఖ్యంగా కిడ్నీల్లో, రగలబోతోందన్న హెచ్చరిక కావచ్చు. అప్పుడు తరవాతి పరీక్షను దగ్గరికి జరపాలి, మూత్రం తరచుగా చూడాలి. కానీ కొందరిలో ఈ అంకెలు ఏళ్ల తరబడి చెడుగానే ఉంటాయి, మనిషి మాత్రం హాయిగా ఉంటుంది. మరికొందరిలో డీఎస్‌డీఎన్‌ఏ ఎప్పుడూ పెరగదు, అయినా జబ్బు తిరగబెడుతుంది. అందుకే అంకె ఒక్కటే చూసి స్టెరాయిడ్ పెంచడం, తగ్గించడం సరైన పద్ధతి కాదు. సొంతంగా ఆ పని అసలే చేయకూడదు. సీ4 పుట్టుకతోనే తక్కువగా ఉండేవారు కూడా ఉన్నారు. వారిలో సీ3 నడక, మీ పాత విలువలతో పోలిక ఎక్కువ ఉపయోగం.

మూత్రం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే లూపస్ కిడ్నీలను పట్టుకున్నప్పుడు మొదట్లో నొప్పి ఉండదు. ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకు అర గ్రాము, అంటే 0.5 దాటి, మళ్లీ చూసినా అలాగే ఉంటే కిడ్నీ బయాప్సీ గురించి వైద్యులు ఆలోచిస్తారు. ఏ యాంటీబాడీ పరీక్షా బయాప్సీకి బదులు కాలేదు. రక్తపరీక్షకు వెళ్తూ మూత్రం డబ్బా ఇవ్వకుండా వచ్చేయడం నేను చూసినంతలో అందరూ చేసే తప్పు.

జ్వరం వచ్చినప్పుడు ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు రెండూ చూస్తారు. లూపస్ రగిలినప్పుడు ఈఎస్‌ఆర్ పెరిగినా సీఆర్‌పీ చాలామందిలో పెద్దగా పెరగదు. అది బాగా పెరిగితే ఇన్ఫెక్షన్‌ను, లేదా గుండె, ఊపిరితిత్తుల పొరల వాపును, కీళ్లవాపును అనుమానిస్తారు.

ఏడో మెట్టు: గర్భం ధరించాలనుకుంటే

ఈ విషయంలో ముందే చేసిన ఒక పరీక్ష బిడ్డను కాపాడగలదు. రో, లా యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరతాయి. చాలామంది బిడ్డలకు ఏమీ కాదు. కొందరికి పుట్టాక చర్మం మీద దద్దులు వచ్చి, తల్లి యాంటీబాడీలు కరిగిపోయే కొద్దీ ఆరేడు నెలల్లో వాటంతటవే పోతాయి. రో ఉన్న తల్లుల్లో నూటికి ఒకరిద్దరి బిడ్డలకు మాత్రం గుండె లయ తప్పే హార్ట్ బ్లాక్ వస్తుంది. ఇది ఎక్కువగా 18 నుంచి 24 వారాల మధ్య మొదలవుతుంది. ముందు కాన్పులో అలా జరిగి ఉంటే తరవాతి కాన్పులో ఆ ముప్పు నూటికి పదహారు, పద్దెనిమిది దాకా పెరుగుతుంది. లూపస్‌కు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర వేసుకున్న తల్లుల్లో ఆ ముప్పు సగానికన్నా దిగువకు వచ్చిందని 2020లో వెలువడిన అధ్యయనం చూపింది. అందువల్ల గర్భం తెలియగానే భయంతో ఆ మాత్ర మానేయకండి, గర్భంలో కూడా కొనసాగించే మందుల్లో అదొకటి. బిడ్డ గుండెను 16 నుంచి 18 వారాల దగ్గర మొదలుపెట్టి ఫీటల్ ఎకోతో చూడటం గురించి వైద్యుణ్ని అడగండి.

ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉంటే గర్భస్రావం, బీపీ పెరగడం, రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులుంటాయి, తక్కువ మోతాదు ఆస్పిరిన్, అవసరమైతే రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇస్తారు. ఇంకో సంగతి. గర్భంలో కాంప్లిమెంట్ల తయారీ సహజంగానే పెరుగుతుంది. కాబట్టి సీ3 సాధారణ పరిధిలో ఉన్నా, మీ పాత విలువ నుంచి పడిపోతోందంటే దాన్ని పట్టించుకోవాలి. నోటుబుక్కులోని పాత వరుసలు అప్పుడు అక్కరకొస్తాయి.

రిపోర్టు కోసం ఆగకూడని సందర్భాలు

కొన్ని లక్షణాలకు యాంటీబాడీ ఫలితం వచ్చేదాకా ఎదురుచూడకూడదు. మూత్రం బాగా తగ్గిపోవడం, ఎర్రగానో టీ రంగులోనో వెళ్లడం, ముఖమూ కాళ్లూ ఉబ్బడం, ఊపిరాడకపోవడం, ఛాతీనొప్పి, మూర్ఛ, మాట తడబడటం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టడం, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుండగా చలితో కూడిన జ్వరం రావడం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు, మందుల చీటీ, చివరి మూత్రపరీక్ష రిపోర్టు చేత పట్టుకెళ్లండి. మిమ్మల్ని మొదటిసారి చూస్తున్న వైద్యుడికి, మీ క్రియాటినిన్ నెల కిందట ఎంత ఉందో, స్టెరాయిడ్ ఎంత మోతాదులో ఎన్నాళ్లుగా వాడుతున్నారో ఆ ఒక్క పేజీ చూస్తే తెలుస్తుంది.